లిస్ప్ చేసిన పాపమేమిటి?

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, తెలుగునాట తల్లిదండ్రులకు ఒకటే ధ్యాస. సీఎస్‌ఈ పక్కన ఏఐ అండ్ ఎంఎల్ అని ఉండాలి, కాలేజీ ఏదైనా ఫర్వాలేదు. ఆ నాలుగేళ్ళ చదువు ముగించుకుని వచ్చిన పిల్లల్ని లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి అడిగి చూడండి. పేరు విన్నవాళ్ళే అరుదు. విన్నవాళ్ళు కూడా "బ్రాకెట్ల భాష కదండీ, పాతకాలంది" అని తేలిగ్గా తీసిపారేస్తారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్న పేరు పెట్టినవాడు జాన్ మెకార్తీ. 1956 వేసవిలో డార్ట్‌మత్ కాలేజీలో జరిగిన సదస్సు కోసం ఆ ముందు ఏడాది రాసిన ప్రతిపాదనలో ఆ పేరు వాడాడు. చేతిలో ఉన్న భాషలు ఆ పనికి సరిపోవని 1958లో ఎంఐటీలో తనే ఒక కొత్త భాషకు పునాది వేశాడు. అదే లిస్ప్. ఆయన పెట్టిన పేరు చూపించి ఇవాళ సీట్లు నింపుకుంటున్నారు. ఆయన కట్టిన భాషను మాత్రం గడప బయటే నిలబెట్టారు.

ఇదేమీ మనకు సంబంధం లేని కథ కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేసింది ఈ మెకార్తీ దగ్గరే. 1966లో ఆ పట్టా పుచ్చుకుని, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చేసే పరిశోధనకు దారులు వేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇవాళ ఎవరైనా ఉచితంగా దించుకోగలిగిన ఎస్‌బీసీఎల్ అనే లిస్ప్ కంపైలర్ ఉందే, అది ఆ కార్నెగీ మెలన్‌లో పుట్టిన లిస్ప్ నుంచి 1999లో విడివడిన కొమ్మ. రాజ్ రెడ్డి గారి పేరు మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. ఆయన గురువు చేసిన భాషను మన పిల్లల చేతికి ఒక్క గంటైనా ఇవ్వాలని మాత్రం ఎవరికీ తోచదు.

ఏఐ పాఠ్యాంశాల్లో లిస్ప్‌కి చోటిచ్చిన రోజులు లేకపోలేదు. అయితే ఎలా ఇచ్చారు? కార్ అంటే ఏమిటి, కుడర్ అంటే ఏమిటి, రెండు మార్కులకు రాయుము. కంప్యూటర్ మీద ఒక్క వరుస నడిపించకుండా, నల్లబల్ల మీద నిర్వచనాలు రాయించి ముగించారు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టు. అలా నేర్చుకున్నవాళ్ళకు అది చేదుగా గుర్తుండిపోతే తప్పు వాళ్ళది కాదు, భాషది అంతకన్నా కాదు.

అసలు ఈ భాష దగ్గర ఎవరెవరు ఎంతెంత తీసుకున్నారో ఒకసారి చూడండి. షరతు పెట్టి, అది నిజమైతే ఒక విలువ, కాకపోతే మరో విలువ ఇచ్చే వ్యక్తీకరణను ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చింది మెకార్తీ. వాడి వదిలేసిన మెమరీని యంత్రమే ఏరుకునే గార్బేజ్ కలెక్షన్ లిస్ప్ కోసమే పుట్టింది. జావా, పైథాన్, జావాస్క్రిప్ట్, గో, ఇవన్నీ దాని మీద బతుకుతున్నవే. ఫంక్షన్‌ని ఒక విలువలాగా చేతులు మార్చడం లిస్ప్‌లో మొదటినుంచీ ఉంది. లాంబ్డా అన్న మాట మెకార్తీ 1960లో అచ్చువేసిన వ్యాసంలోనే కనిపిస్తుంది. జావాలోకి అది 2014లో వచ్చింది. వచ్చినప్పుడు కొత్త సదుపాయమని పండగ చేసుకున్నారు. పైథాన్‌లో ఒక వరుస కొట్టగానే జవాబు వచ్చే ఆ కిటికీని చూసి పిల్లలు ముచ్చటపడతారు. అదీ లిస్ప్ ఇంటి అలవాటే. ఇంత తీసుకున్న లోకం తిరిగి ఇచ్చిందేమిటంటే, బ్రాకెట్లు ఎక్కువన్న నింద.

ఆ నింద సంగతే తేల్చుకుందాం. మిగతా భాషల్లో ఒక ఫంక్షన్‌ని పిలవాలంటే పేరు రాసి, ఆ తర్వాత బ్రాకెట్ తెరిచి, లోపల విలువలు రాసి, మూస్తాం. లిస్ప్‌లో బ్రాకెట్ తెరిచాక పేరు రాస్తాం. అంతే తేడా. బ్రాకెట్ పేరుకి ముందుకు జరిగింది, సంఖ్య పెరగలేదు. పైగా అక్కడ రకరకాల మీసాల బ్రాకెట్లు, చదరపు బ్రాకెట్లు, కామాలు, సెమికోలన్లు ఉంటాయి. ఏ గుర్తు ముందు లెక్కలోకి వస్తుందో చెప్పే పట్టిక ఒకటి కంఠస్థం చెయ్యాలి. ఇక్కడ (* (+ 2 3) 4) అని రాస్తే 20 వస్తుంది. ఏది ముందో, ఏది వెనకో రాతలోనే కనిపిస్తోంది కాబట్టి పట్టికతో పనే లేదు.

కూడిక గుర్తు ముందుండటం అసహజం అంటారు కొందరు. ఎవరికి అసహజం? తెలుగులో మనం "రెండుకి మూడు కలిపితే" అంటాం. కలపడం చివర్లో వస్తుంది. ఎక్కాలు చదివినప్పుడు "రెండు మూళ్ళు ఆరు" అంటాం, అక్కడ గుణకారం ఊసే వినిపించదు. అంకెల మధ్య గుర్తు పెట్టడం బడిలో నేర్పితే వచ్చిన అలవాటు. ఒక అలవాటు నేర్చుకున్నవాళ్ళకు రెండోది నేర్చుకోవడం కష్టం కాదు, నేర్పేవాళ్ళుంటే.

మరి ఎంతోమంది ఒక సాయంత్రం ప్రయత్నించి ఎందుకు వదిలేస్తున్నారు? నేను గమనించినంతలో కారణం ఒకటే. వాళ్ళు భాషను దాని ఎడిటర్ నుంచి వేరుచేసి చూస్తున్నారు. నోట్‌ప్యాడ్‌లో లిస్ప్ రాస్తే ఎవరికైనా చుక్కలు కనిపిస్తాయి. లిస్ప్ రాసేవాళ్ళు బ్రాకెట్లు లెక్కపెట్టరు. కర్సర్ ఒక బ్రాకెట్ దగ్గరికి రాగానే దాని జంట వెలుగుతుంది, ట్యాబ్ నొక్కగానే వరుస తన స్థానంలోకి జరుగుతుంది, కళ్ళు ఆ అమరికను చదువుతాయి. ప్యారెడిట్ అనే చేర్పు పెట్టుకుంటే తెరిచిన ప్రతి బ్రాకెట్‌కీ మూసే బ్రాకెట్ తోడుగా పడుతుంది, పొరపాటున చెరపబోయినా చెరగనివ్వదు. ఎడిటర్ చూసుకునే పనిని మనిషి నెత్తిన వేసుకుని, ఆ బరువుకి భాషను తిట్టడం న్యాయం కాదు.

ఆ ఎడిటర్ పేరు ఈమ్యాక్స్. 1976లో రిచర్డ్ స్టాల్‌మన్ ఎంఐటీలో దీన్ని మొదలుపెట్టాడు. 1985లో గ్నూ ఈమ్యాక్స్‌గా లోకానికి ఇచ్చాడు. దాని లోపలి గుండెకాయ సీ భాషలో ఉన్నా, ఒంట్లో ఎక్కువ భాగం లిస్పే. ఏ కీ నొక్కితే ఏం జరుగుతుందో చెప్పే లిస్ప్ రాతను అక్కడే తెరిచి చదవొచ్చు, మార్చొచ్చు, మార్చిన మరుక్షణం అది అలా నడుచుకుంటుంది. దీనికి స్లైమ్ అనే అనుబంధం తోడైతే ఎస్‌బీసీఎల్, ఈమ్యాక్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఉబుంటు వాడేవాళ్ళకు మూడూ ప్యాకేజీలుగా సిద్ధంగా ఉన్నాయి. ఈమ్యాక్స్ సెట్టింగుల ఫైల్లో నా లిస్ప్ ఎస్‌బీసీఎల్ అని చెప్పే ఒక్క వరుస రాసి, ఆల్ట్ తో ఎక్స్ నొక్కి, స్లైమ్ అని కొడితే ప్రశ్నకు జవాబు చెప్పే కిటికీ తెరుచుకుంటుంది.

ఇక్కడ లిస్ప్ అభిమానుల మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. కొత్తగా వచ్చిన కుర్రవాడికి ముందు ఈమ్యాక్స్ అంతా నేర్చుకురా, ఆ తర్వాత లిస్ప్ అని చెప్పి, వందల కీల జాబితా చేతిలో పెట్టి పంపేది వీళ్ళే. అంత అవసరమే లేదు. కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ ఎస్ కొడితే ఫైలు సేవ్ అవుతుంది. ఏదైనా గందరగోళంలో చిక్కుకుంటే కంట్రోల్ జి బయటపడేస్తుంది. కంట్రోల్ సి రెండుసార్లు కొడితే కర్సర్ ఉన్న ఫంక్షన్ కంపైల్ అవుతుంది. ఆల్ట్ తో చుక్క నొక్కితే ఆ పేరు ఎక్కడ పుట్టిందో అక్కడికి తీసుకెళ్తుంది, ఆల్ట్ తో కామా నొక్కితే వెనక్కి తెస్తుంది. మొదటి వారానికి ఇవి చాలు. మిగిలినవి కంట్రోల్ హెచ్, ఆ పైన టి కొడితే వచ్చే పాఠంలో ఉన్నాయి, తీరిగ్గా చూసుకోవచ్చు. ఈమ్యాక్స్ వద్దనుకునేవాళ్ళకు రాకెట్ భాష, దానితోనే వచ్చే డాక్టర్‌రాకెట్ ఎడిటర్ ఉన్నాయి. పిల్లలకు నేర్పడాన్ని దృష్టిలో పెట్టుకునే వాటిని తీర్చిదిద్దారు. రాకెట్ కూడా లిస్ప్ కుటుంబమే, దాంతో మొదలుపెట్టినా నాకు సంతోషమే.

ఇంతకీ ఇంత తిప్పలు పడి వస్తే దొరికేదేమిటి? మనం నేర్చుకున్న పద్ధతిలో ప్రోగ్రాం మొత్తం రాసి, కంపైల్ చేసి, నడిపి, అది పడిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాం. లిస్ప్‌లో ప్రోగ్రాం ఎప్పుడూ బతికే ఉంటుంది. నడుస్తుండగానే దాంట్లో ఒక ఫంక్షన్ మార్చి కంట్రోల్ సి రెండుసార్లు కొడితే, ఆ ఒక్కటే నేరుగా యంత్రభాషలోకి మారి పాతదాని స్థానంలో కూర్చుంటుంది. అప్పటిదాకా పోగేసుకున్న డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది. లిస్ప్ నెమ్మదిగా నడుస్తుందన్న పాత మాట పట్టుకు వేళ్ళాడేవాళ్ళు ఎస్‌బీసీఎల్ తయారుచేసే యంత్రసంకేతాలను ఒకసారి తెరిచి చూడాలి. చూపించమంటే అదే చూపిస్తుంది.

తప్పు జరిగినప్పుడు ఈ భాష ప్రవర్తించే తీరు గురించి మాత్రం నేను కాస్త తీరిగ్గా చెప్పాలి. లక్ష మంది విద్యార్థుల మార్కుల ఫైలు చదివే ప్రోగ్రాం అనుకోండి. అరవై వేల వరుసలు దాటాక ఒకచోట అంకెకు బదులు గైర్హాజరు అని ఎవరో గుమాస్తా టైపు చేశాడు. జావాలోనో పైథాన్‌లోనో ఎక్సెప్షన్ లేస్తుంది. దాన్ని పట్టుకునేవాడు పైమెట్టు మీద ఎక్కడో ఉంటాడు. అతని దాకా వెళ్ళేసరికి మధ్యలో ఉన్న మెట్లన్నీ కూలిపోతాయి, అరవై వేల వరుసల శ్రమ కొట్టుకుపోతుంది. లిస్ప్ అలా కూల్చదు. తప్పు జరిగిన చోటే ఆగుతుంది. వరుస చదివే ఫంక్షన్ రాసినవాడు ముందే కొన్ని దారులు పేర్లు పెట్టి ఉంచగలడు: ఈ వరుస వదిలెయ్యి, సున్నా వేసుకో, సరైన విలువ నేనిస్తాను. ఏ దారి పట్టాలో పైన ఉన్నవాడు నిర్ణయిస్తాడు. కింద మెట్లు మాత్రం నిలిచే ఉంటాయి. తప్పును గుర్తించడం ఒకరి పని, దారులు చూపడం ఒకరి పని, ఎంచుకోవడం మరొకరి పని. ఈ మూడింటినీ విడదీసిన పద్ధతి 1994లో ఆమోదం పొందిన కామన్ లిస్ప్ (ఎస్‌బీసీఎల్ నడిపే లిస్ప్ ఇదే) ప్రమాణంలోనే ఉంది. జావాలో, పైథాన్‌లో అది ఇప్పటికీ లేదు.

పైన నిర్ణయించే కోడ్ రాయలేదా? అప్పుడు స్లైమ్ ఆ దారులనే అంకెలు వేసి తెర మీద పెడుతుంది. పిలిచిన ఫంక్షన్ల వరుస కింద కనిపిస్తుంది, ఒకదాని మీద ఎంటర్ కొడితే ఆ క్షణంలో అందులో ఉన్న విలువలు కనిపిస్తాయి. ఇంకా రాయని ఫంక్షన్‌ని పిలిచినా అంతే. ఈ పేరుతో ఫంక్షన్ లేదు, మళ్ళీ పిలిచి చూడనా, వేరేది పిలవనా, విలువ మీరిస్తారా అని అడుగుతుంది. పక్క కిటికీలో ఆ ఫంక్షన్ రాసి, కంపైల్ చేసి, సున్నా నొక్కితే ఆగినచోటినుంచే ముందుకు సాగుతుంది. మొదటిసారి ఇది చూసిన విద్యార్థి మొహం చూసినవాళ్ళెవరూ లిస్ప్ కష్టమని అనరు. ఈ వీలు అంతరిక్షంలోనూ పనికొచ్చింది. 1999 మే నెలలో నాసా వారి డీప్ స్పేస్ 1 నౌక మీద, భూమికి కోట్ల మైళ్ళ దూరంలో, లిస్ప్‌లో రాసిన రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రాం నడిచింది. ప్రయోగం మధ్యలో అది చిక్కుబడి ఆగింది. నౌకలో నడుస్తున్న లిస్ప్‌తో ప్రశ్నా జవాబూ నడిపే వీలుండటం కారణం పట్టుకోవడానికి ఎంతో అక్కరకొచ్చిందని ఆ పనిలో ఉన్నవాళ్ళు రాశారు.

మ్యాక్రోల గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అవి చెబితే కన్నా చేస్తేనే తెలుస్తాయి. లిస్ప్ ప్రోగ్రాం అంటే ఒక జాబితా. జాబితాలను తిప్పడమే లిస్ప్ పని. కాబట్టి ప్రోగ్రాంలను రాసే ప్రోగ్రాంలు అందులో అతి సహజంగా వస్తాయి, మ్యాక్రోలంటే అవే. జావావాళ్ళు సులువైన ఫర్ లూప్ కోసం 2004 దాకా, పైథాన్‌వాళ్ళు మ్యాచ్ అన్న సదుపాయం కోసం 2021 దాకా భాష యజమానుల నిర్ణయానికి ఎదురుచూశారు. లిస్ప్ రాసేవాడు అలాంటివి తనకు కావలసిన సాయంత్రమే చేసుకుంటాడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైగా 1994 ప్రమాణానికి కట్టుబడి రాసినది ఇవాళ్టి ఎస్‌బీసీఎల్‌లోనూ నడుస్తుంది. పైథాన్ రెండు నుంచి మూడుకు మారినప్పుడు ఎన్ని ల్యాబ్ రికార్డులు చెల్లకుండా పోయాయో అధ్యాపకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంత ఉన్నది ఎందుకు మూలపడింది? 1980లలో లిస్ప్‌లో రాసిన ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌లు, అంటే నిపుణుల్లా సలహా చెప్పే ప్రోగ్రాంలు, అమ్మిన కంపెనీలు చెప్పిన గొప్పలు నిలబడలేదు. 1987 ప్రాంతంలో లిస్ప్ కోసం ప్రత్యేకంగా చేసిన యంత్రాల వ్యాపారం కుప్పకూలింది. ఆ యంత్రాలు చేసిన సింబాలిక్స్ మామూలు సంస్థ కాదు, లోకంలో మొట్టమొదటి డాట్‌కామ్ పేరు 1985 మార్చి 15న నమోదు చేసుకున్నది అదే. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ కోపం భాష మీద పడింది. అమ్మినవాళ్ళ అతిశయోక్తికి చేసినవాడి పనితనం శిక్ష అనుభవించింది. ఆ శిక్ష ఇంకా ముగియలేదు.

పనికిరాదు అనేవాళ్ళకు రెండు సంగతులు. విమాన టికెట్ల ధరలు వెతికే ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ తన ముఖ్యమైన ఇంజన్‌ని కామన్ లిస్ప్‌లో రాసింది. గూగుల్ ఆ సంస్థను 70 కోట్ల డాలర్లకు కొని 2011లో సొంతం చేసుకుంది. రెండోది మన వీధిలోనే ఉంది. సివిల్ ప్లాన్లు గీసే ఆఫీసుల్లోకి వెళ్ళండి. ఆటోక్యాడ్ ముందు కూర్చున్న డ్రాఫ్ట్స్‌మన్ "ఆ లిస్ప్ ఫైలు లోడ్ చెయ్యి" అని పక్కవాడితో అంటాడు. గదుల విస్తీర్ణాలు కలపడానికో, కొలతలు ఒక్కసారే వెయ్యడానికో పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న చిన్న ప్రోగ్రాం అది. ఆటోలిస్ప్ 1986 నుంచి ఆటోక్యాడ్‌లో ఉంది. చౌకరకం ఎల్‌టీలో ఏళ్ళ తరబడి లేని ఆ సదుపాయాన్ని 2024 వెర్షన్‌తో దానికీ ఇచ్చారు. అంటే డిప్లొమా చదివిన కుర్రవాళ్ళు లిస్ప్‌తో రోజూ అన్నం తింటుంటే, బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్ళు అది చచ్చిపోయిందని చెప్పుకుంటున్నారు.

ఉద్యోగాల మాట దాచను. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ బోర్డుల్లో లిస్ప్ పేరు నాకు ఎన్నడూ కనిపించలేదు, ఉద్యోగ ప్రకటనల్లో దాని కుటుంబానికే చెందిన క్లోజర్ పేరుతో అప్పుడప్పుడు కనిపిస్తుంది, అంతే. పైథాన్‌కి ఉన్నన్ని లైబ్రరీలు దీనికి లేవు. పైథాన్ మానెయ్యమని నేను అనడం లేదు. మూడు నెలల కోర్సుతో ఉద్యోగం వెతుక్కునే పిల్లవాడి అవసరం నాకు తెలుసు. కానీ నాలుగేళ్ళు కూర్చోబెట్టి కంప్యూటర్ సైన్స్ చెబుతామని ఫీజు తీసుకున్న చోట, ఆ శాస్త్రం ఆలోచనల్లో ఎన్నో ఎక్కడ పుట్టాయో చూపించకపోతే అది కోచింగ్ సెంటరే తప్ప కాలేజీ కాదు.

తెలుగు మీడియంలో చదువుకుని వచ్చే పిల్లల కోసం మరో మాట. ఈమ్యాక్స్‌లో కంట్రోల్ హెచ్, ఆ పైన హెచ్ నొక్కితే లోకంలోని ఎన్నో భాషల పలకరింపులు వస్తాయి. అందులో తెలుగు నమస్కారం ఉంది. తెలుగు టైపు చెయ్యడానికి కీబోర్డు పద్ధతులు దానిలోనే అమర్చి ఉన్నాయి. ఎస్‌బీసీఎల్‌లో ఫంక్షన్‌కి సగటు, మొత్తం, వడ్డీ అని తెలుగు అక్షరాల్లోనే పేర్లు పెట్టొచ్చు. అలా పెట్టిన పేర్లకు మ్యాక్రోలు జోడిస్తే షరతులూ లూపులూ కూడా తెలుగులో రాసే చిన్న భాష తయారవుతుంది. ఒక జిల్లా పరిషత్ హైస్కూలు పిల్ల తన మాటల్లో తొలి ప్రోగ్రాం రాయగలిగే సాధనం ఇన్నేళ్ళుగా చేతికందే దూరంలో ఉంటే, ఆంగ్లం రాక ప్రోగ్రామింగ్ రాలేదని మనం ఆ పిల్లకే చెబుతూ వచ్చాం.

సిలబస్‌లు తయారుచేసే పెద్దలకూ, ల్యాబ్‌లు నడిపే అధ్యాపకులకూ నా విన్నపం ఇదే. కొత్త సబ్జెక్టు అడగడం లేదు, కొత్త పోస్టు అడగడం లేదు. ఇప్పుడున్న ఏఐ ల్యాబ్‌లో రెండు వారాలు లిస్ప్‌కి ఇవ్వండి. నల్లబల్ల మీద కాకుండా ఈమ్యాక్స్ తెరిచి, స్లైమ్ నడిపి, ప్రోగ్రాంని మధ్యలో ఆపి, సరిదిద్ది, మళ్ళీ నడిపించి చూపండి. ఆ తర్వాత కూడా వద్దనుకున్న పిల్లలు వద్దనుకోనివ్వండి, చూశాక చెప్పిన తీర్పును నేను గౌరవిస్తాను. ఎస్‌బీసీఎల్, ఈమ్యాక్స్, స్లైమ్ మూడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్న పాత కంప్యూటర్ల మీదే నడుస్తాయి, లైసెన్సుకి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.